ఏడో గడి: రోగి ఇష్టం

పెద్దాసుపత్రి, మూడో అంతస్తు
జూన్ 4

అక్కకి,

మొన్న ఫోన్లో మనం పోట్లాట మొదలుపెట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. అంతకుముందుసారి నిమిషంన్నరే. కాస్త మెరుగుపడుతున్నట్టున్నాం గాని, నువ్వన్నట్టు మనకి ఉత్తరాలే నయం. ఉత్తరంలో నువ్వు నా మాటకి అడ్డం రాలేవు, నేను విసురుగా ఫోన్ పెట్టెయ్యలేను.

నా పనేమిటని అడిగి, చెప్పేలోపే "మసక లెక్కలా?" అని నవ్వావు. ఇప్పుడు చెబుతాను, నవ్వితే నాకు వినబడదు.

రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళ కాగితాలన్నీ ఇక్కడ ప్రతి మంగళవారం ఒక బల్ల మీదికి చేరతాయి. చుట్టుపక్కల చిన్నాసుపత్రులు కూడా పేర్లు తీసేసి, నంబర్లు వేసి పంపుతాయి. ఆపరేషన్ చేసేవాళ్ళు, మందులిచ్చేవాళ్ళు, రేడియేషన్ ఇచ్చేవాళ్ళు కలిసి కూర్చుని ఎవరికి ఏ వైద్యమో తేలుస్తారు. వాళ్ళకి కంప్యూటర్‌లో ఒక సలహాదారుని తయారుచేశాను. పాత పద్ధతిలో యాభై దాటితే ఒక దారి, దాటకపోతే ఇంకో దారి. పుట్టినరోజు పొద్దున లేచేసరికి మనిషి వేరే మనిషైపోతుందా? ఇరవై మిల్లీమీటర్ల గడ్డ చిన్నదీ, ఇరవై ఒకటి పెద్దదీనా? ఫజీ లాజిక్ అలా గీత గీయదు. యాభై ఒక్క ఏళ్ళావిడని పదింట ఏడు వంతులు నడివయసు, మూడు వంతులు ముసలితనం అంటుంది. మనం రోజూ అనుకునే "కాస్త", "బాగానే", "పరవాలేదు" లాంటి మాటలకి అంకెలు తొడగడమే నా ఉద్యోగం.

నీకిది నచ్చదని తెలుసు. నీ లోకంలో త్రాసు సరిగ్గా ఉంటే ముద్ర, లేకపోతే జప్తు. కాని మనుషులు త్రాసులు కారు గదా.

అన్నిటికంటే గొప్ప సంగతి, మా యంత్రం ఒక్క ముక్కలో తీర్పు చెప్పదు. ఈ దారికి ఇంత బలం, ఆ దారికి ఇంత బలం అని తన సందేహాన్ని కూడా చూపిస్తుంది. సందేహాన్ని దాచుకోని సలహాదారుని ఈ భవనంలో ఇప్పుడే చూస్తున్నామని మీటింగులో అన్నాను. చప్పట్లు కొట్టారు, ఎవరి గురించి అన్నానో అర్థం కాలేదనుకుంటా.

బావకి నమస్కారాలు.

నీ తమ్ముడు

*

తూనికలు కొలతల ఆఫీసు
జూన్ 9

ఒరేయ్ చిన్నోడా,

నన్ను మూడు వంతులు ముసలిదాన్ని చేసినందుకు సంతోషం. యాభై ఒకటి నాకు మొన్ననేగా నిండింది. మిగతా ఏడు వంతులతో రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే ఆ మూడింటిని అడుగు.

మనుషులు త్రాసులు కారన్నావు. నిజమే, త్రాసులే నయం. నిన్న ఒక కొట్టతను పళ్ళెం కింద ఇంత మైనం అంటించి దొరికిపోయాడు. "మొన్నటిదాకా లేదు మేడమ్, దానంతటదే వచ్చినట్టుంది" అన్నాడు. త్రాసు ఏ సంజాయిషీ ఇవ్వలేదు. అడగ్గానే నిజం చెప్పేసింది.

నీ యంత్రం గురించి ఒక మాట అడగాలి. నాకోసం కాదు. మా ఆఫీసులో ఒకామెకి ఎడమ వైపు గడ్డ తగిలింది. ముక్క తీసి పరీక్ష చేశారు. మంచిది కాదన్నారు. కాగితాలు మీ పెద్దాసుపత్రికే పంపారట. మనిషి మాత్రం గట్టిగానే ఉంది. నిన్న నాతోపాటు రెండు పెట్రోలు బంకుల్లో కొలతలు చూసింది, ఎండలో, గొడుగు లేకుండా. ఆమె అడగమంది: మనిషిని చూడకుండా మీ యంత్రానికి మనిషి సంగతి ఎలా తెలుస్తుంది? ఎవరు చెబుతారు? చెప్పినవాళ్ళని ఎవరైనా తనిఖీ చేస్తారా?

మీ బావ కులాసా. కుండీలో గులాబీ ఎండిపోయిందని రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు. ఇంత మెత్తటి మనిషితో ఏ సంగతైనా ఎలా చెబుతాం చెప్పు.

అక్క

*

పెద్దాసుపత్రి, మూడో అంతస్తు
జూన్ 17

అక్కా,

మీ ఆఫీసావిడని కంగారుపడొద్దని చెప్పు. మా ఫారంలో ఏడు గడులుంటాయి. వయసు, గడ్డ సైజు, చంకలో గ్రంథుల సంగతి, గడ్డ ఎంత దూకుడుగా ఉంది, హార్మోను పరీక్ష ఏమంది, రోగి వంట్లో సత్తువ ఎంత, చివరగా రోగి ఇష్టం. అక్కడి డాక్టర్లే నింపి పంపుతారు. తనిఖీ అంటావా, నింపారా లేదా అని చూస్తాం.

నీకు ఒక సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఈ మంగళవారం చాలా అందమైన కేసు వచ్చింది. నలభై ఒకటో నంబరు. యాభై ఒక్క ఏళ్ళు, ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల గడ్డ, గ్రంథుల మీద అనుమానం తక్కువ, సత్తువ మధ్యస్థం. రొమ్ము మొత్తం తీసేయడానికి 0.54, గడ్డ వరకే తీసి తర్వాత రేడియేషన్ ఇవ్వడానికి 0.51. ఇలాంటివాళ్ళకి రెండు దారుల్లోనూ ప్రాణానికి భరోసా దాదాపు ఒకటే. యంత్రం సరిగ్గా ఆ గట్టు మీద నిలబడింది! రెండేళ్ళుగా ఇలాంటి కేసు కోసమే చూస్తున్నాను. ఆ గ్రాఫు గీసి గోడకి అంటించుకున్నాను. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాను.

ఏడో గడి ఖాళీగా పంపారు, చాలామంది అంతే. ఖాళీగా ఉంటే యంత్రం సగం అనుకుంటుంది, 0.5. ఎటూ మొగ్గకుండా ఉంటుందని నేనే అలా పెట్టాను. న్యాయంగా ఉంది కదూ?

తమ్ముడు

*

ఇల్లు
జూన్ 21

చిన్నోడా,

అందమైన కేసన్నావు. ఆ నలభై ఒకటో నంబరావిడ వింటే మురిసిపోతుంది. ఈ వయసులో అందమన్న మాట వినడమే గొప్ప, అందులోనూ గోడకెక్కడం.

సత్తువ మధ్యస్థమని ఎవరు రాశారు? ఎలా కొలిచారు? బరువు మోయించారా, మెట్లెక్కించారా? మా ఆఫీసామె దగ్గరికి ఒక కుర్ర డాక్టరు వచ్చి, మొహం చూసి, పెన్ను రాయకపోతే దులిపి, ఏదో గీశాడట. ఆ దులపడంలోనే సత్తువ పోయిందేమో. మీ నంబరావిడ కూడా రోజూ మూడు అంతస్తులు లిఫ్టు లేకుండా ఎక్కే మనిషే అయి ఉండొచ్చు. నాకేం తెలుసు, ఊరికే అంటున్నాను.

ఖాళీ గడి సగం ఎలా అవుతుందిరా? నా దగ్గరికి రాయి వెయ్యని త్రాసు వస్తే అరకిలో ఉందని రాస్తానా? ఖాళీ అంటే ఆవిడకి సగం ఇష్టమని కాదు. ఆవిడని ఎవరూ అడగలేదని. అడగలేదన్న సంగతికి నువ్వు అంకె తొడిగావు, అంతే. తొడిగాక అది చూడ్డానికి చదువుకున్నవాడిలా ఉంది.

ఇంకొకటి. 0.54, 0.51 అన్నావు. ఆవిడకి ఆ రెండంకెలూ కనబడతాయా? సందేహాన్ని దాచుకోని యంత్రమన్నావుగా, అందుకని అడుగుతున్నా.

అక్క

*

పెద్దాసుపత్రి, మూడో అంతస్తు
జూన్ 25

అక్కా,

నువ్వు ప్రతిదానికీ త్రాసు తెస్తావు. గణితంలో తెలియనిదానికి మధ్య విలువ ఇవ్వడం ఎప్పటినుంచో ఉన్న మర్యాద. నేను కనిపెట్టింది కాదు.

రోగులకి అంకెలు కనబడతాయా అంటే, ఆ, కనబడతాయి. డాక్టర్లు అన్నీ విడమరిచి చెబుతారు. మీ ఆఫీసావిడకి కూడా చెప్పే ఉంటారు. కంగారులో మర్చిపోయి ఉంటుంది.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. ఇంతే.

తమ్ముడు

*

ఇల్లు
జూన్ 29

చిన్నోడా,

నీ ఉత్తరాల్లో ఇంత పొట్టిది ఇదే. చిన్నప్పుడు కూడా అబద్ధం చెప్పేటప్పుడు నీకు మాటలు తగ్గిపోయేవి.

దీనితో ఒక కాగితం నకలు పెడుతున్నాను. పైన మీ ఆసుపత్రి ముద్ర ఉంది. దాని కింద "కేసు 41". దాని కింద "సిఫారసు: రొమ్ము పూర్తిగా తొలగించడం". అంతే. అంకె లేదు, సందేహం లేదు, ఇంకో దారి ఉందన్న మాటే లేదు. నేను రెండుసార్లు తిప్పి చూశాను. వెనక తెల్లగా ఉంది.

మా ఆఫీసులో గడ్డ ఉన్నామె ఎవరూ లేరు. ఉన్నామె నేనే.

నీకు ముందే చెప్పకపోవడానికి కారణం ఉంది. చెబితే నువ్వు తమ్ముడివైపోతావు. నాకు ఆ యంత్రం చేసినవాడితో పని పడింది. వాడైతే ఉన్నదున్నట్టు చెబుతాడనుకున్నాను. సరే, ఆ లెక్క తప్పింది.

నీ మొదటి ఉత్తరం లేకపోతే ఆ ఒక్క ముక్కని పట్టుకుని వెళ్ళి బల్ల మీద పడుకునేదాన్ని. అది నిజం. అందుకు నీకు రుణపడ్డాను. ఆ గోడ మీది బొమ్మ మాత్రం తీసెయ్.

అక్క

*

పెద్దాసుపత్రి
జూలై 2

అక్కా,

నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. బొమ్మ తీసేశాను. తీసినచోట గోడ తెల్లగా కనబడుతోంది, అటు చూడలేకపోతున్నాను.

అందమైన కేసన్నాను నిన్ను.

జరిగింది చెబుతాను. యంత్రం అంకెలు చూపించేది, నిజమే. మార్చిలో సూపరింటెండెంటు గారు పిలిచి, "అన్నీ బావున్నాయయ్యా, కాని ఈ పాయింట్లు చూస్తే రోగులు బెదిరిపోతారు. పైనున్నవాళ్ళు కూడా అడుగుతున్నారు, ఇంతకీ మీ మిషన్ ఏమంటుందని. ఒక్క మాట రానివ్వు" అన్నారు. అప్పుడు సరేనన్నాను. దేనికి ఎక్కువుంటే అది మాత్రం అచ్చయ్యేలా మార్చాను. అరగంట పని. వద్దంటే పథకమే ఆపేస్తారని భయపడ్డాను. అంకెలు లోపల భద్రంగా ఉన్నాయిగా, నిజం ఎక్కడికీ పోలేదుగా అని సర్దిచెప్పుకున్నాను. నీకు రాసిన మొదటి ఉత్తరం నాటికే ఆ మార్పు జరిగి మూడు నెలలైంది. తెలిసే గొప్పలు రాశాను. ఎందుకో తెలుసా? నీ దగ్గరైనా అది నేననుకున్నట్టు ఉండాలని.

రేపే బయల్దేరి వస్తాను.

తమ్ముడు

*

ఇల్లు
జూలై 5

చిన్నోడా,

రావద్దు. ఇక్కడికొచ్చి నువ్వు చేసేదేముంది, కుర్చీలో కూర్చుని నా మొహంలోకి చూడ్డం తప్ప? ఆ పనికి మీ బావ ఉన్నారు.

ఆయనకి మొన్న చెప్పాను. ఏడుస్తారనుకుని పక్కన తువ్వాలు పెట్టుకుని మరీ చెప్పాను. ఆయన ఏడవలేదు. "ముక్క తీసిన రోజు నీ జాకెట్టుకి దూది అంటుకుని వచ్చావు. నువ్వే చెబుతావని చూస్తున్నా" అన్నారు. గులాబీ వట్టి సాకు. తిండి మానేసింది నాకోసం. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన నా దగ్గర దాచగలిగింది ఇదొక్కటే. పెంకిగా దాచారు.

నువ్వు చెయ్యాల్సింది అక్కడుంది. మంగళవారం బల్ల దగ్గర రెండు మాటలు అడుగు. రెండంకెలూ కాగితం మీదికి రావాలి. ఏడో గడి ఖాళీగా ఉంటే నీ యంత్రం నోరు మూసుకుని కూర్చోవాలి. నేను నీ అక్కనని మాత్రం చెప్పకు. న్యాయం ఉంటే న్యాయంగానే ఒప్పుకోనీ.

నాకు ఈ నెలాఖరు దాకా గడువిచ్చారు. మరీ ఆలస్యం చెయ్యొద్దన్నారు.

అక్క

*

పెద్దాసుపత్రి
జూలై 10

అక్కా,

మంగళవారం గంటసేపు మాట్లాడాను. బోర్డు మీద నలభై ఒకటో నంబరు అంకెలు వేసి గ్రాఫులు గీశాను. ఖాళీకీ సగానికీ తేడా చెప్పడానికి నీ రాయి వెయ్యని త్రాసు కూడా వాడుకున్నాను. సూపరింటెండెంటు గారు గడియారం చూసుకుంటూ, "అంటే ఒక గడి నింపలేదని వైద్యం ఆపేయాలంటావా?" అన్నారు.

"వైద్యం కాదు సార్, సలహా. అడిగి రాసేదాకా."

"ఎవరడుగుతారయ్యా? ఓపీలో రోజుకి వందమంది."

మా దగ్గర పెద్ద సర్జనమ్మ ఒకరున్నారు, ఎప్పుడూ ఎవరి మాటా పూర్తిగా వినని ఆవిడ. ఈసారి ఆవిడే నా వైపొచ్చారు. "0.54కీ 0.51కీ తేడా ఏముంది? ఆ మాత్రానికి నేను నాణెం ఎగరేసేదాన్ని కదా! నాకు చూపించకుండా దాచింది ఎవరు?" అని అడిగారు. అందరూ నన్ను చూశారు. నేను సూపరింటెండెంటు గారిని చూశాను. ఆయన కిటికీలోంచి చూశారు.

అక్కడితో ఆగిపోయింది. "వచ్చే త్రైమాసికంలో పరిశీలిద్దాం" అన్నారు. ఫైలు మూస్తుంటే నోరు జారింది. "ఆ నలభై ఒకటో నంబరు మా అక్క" అన్నాను.

అక్కా, నువ్వు తిడతావని తెలుసు. కాని విను. గంటసేపు చెప్పిన గణితం ఎవరికీ ఎక్కలేదు. చుట్టరికం రెండు నిమిషాల్లో ఎక్కింది. "అయ్యో, ముందే చెప్పొద్దూ!" అన్నారు సూపరింటెండెంటు గారు. టీ తెప్పించారు. రెండు మార్పులకీ అక్కడికక్కడే సంతకం పెట్టారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. నీ కాగితం అందిన మర్నాడు నీ కేసు మళ్ళీ తెరిచాను. సత్తువ ఎక్కువ అని మార్చి చూశాను. ఫలితం మారలేదు. తర్వాత చిన్న గడ్డ ఎక్కడినుంచి పెద్దదవుతుందో చెప్పే సైజు గ్రాఫు కొంచెం, వెంట్రుకవాసంత, పక్కకి జరిపాను. అంతే, అంకెలు తారుమారయ్యాయి. ఉంచడానికి 0.55. కాసేపు హాయిగా అనిపించింది. తర్వాత భయమేసింది, ఇన్నాళ్ళూ ఇంతమంది సంగతి ఆ వెంట్రుకవాసి మీదుందా అని. మళ్ళీ వెనక్కి జరిపేశాను.

నా మాట అడిగితే మాత్రం, ఉంచుకో అక్కా. గడ్డ వరకే తీయించుకో. రేడియేషన్‌కి ఇక్కడికొచ్చి మా ఇంట్లో ఉండు. ఇదే మంచిదని నాకు గట్టిగా, నూటికి నూరుపాళ్ళు అనిపిస్తోంది.

తమ్ముడు

*

తూనికలు కొలతల ఆఫీసు
జూలై 14

చిన్నోడా,

నువ్వు జరిపింది గ్రాఫు కాదు, మైనం. మళ్ళీ గీకేశావు కాబట్టి జప్తు చెయ్యడం లేదు. చుట్టరికం సంగతి తర్వాత తిడతాను. మిగతా నలభైమందికీ అక్కలు చెల్లెళ్ళు ఉంటారుగా, వాళ్ళ తమ్ముళ్ళు మీ మీటింగులో లేరు, అంతే తేడా.

నూటికి నూరుపాళ్ళు అన్నావే! నీ నోట ఆ మాట వింటానని కలలో కూడా అనుకోలేదు. జబ్బు నాదయ్యేసరికి నీకు మసకంతా విడిపోయినట్టుంది.

నా వృత్తి రహస్యం ఒకటి చెబుతాను, బయట అనకు. ఏ త్రాసూ సరిగ్గా ఉండదు. ఇంత బరువుకి ఇంత తేడా ఉండొచ్చని చట్టమే ఒప్పుకుంటుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా నేను "సరి" అని ముద్ర వేసినవన్నీ ఒప్పుకోదగినంత తప్పుగా ఉన్నవే. ఆ తప్పు ఎంతో పక్కన రాసి సంతకం పెడతాను. నీకూ నాకూ పోట్లాట అంకెల దగ్గర కాదు, ఆ రాయడం దగ్గర.

నిన్న ఇక్కడి డాక్టరమ్మ కొత్త ఫారం పట్టుకుని వచ్చి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "మీ ఇష్టం రాయాలటండి. ఇప్పటిదాకా ఎవర్నీ అడగలేదు, ఎలా అడగాలో నాకూ తెలీదు" అంది. ఆ మాటతో నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది. రెండు దారులూ విడమరిచింది. ముప్పావుగంట కూర్చుంది.

నేను మొత్తం తీసేయమన్నాను. ఏ దారో రాసి, ఎంత ఇష్టమో పక్కన అంకె వెయ్యాలట. 0.8 రాయించాను.

ఎగిరిపడకు. ప్రాణానికి రెండూ ఒకటేనని తెలుసు. తీసేసినా పరీక్షలు తప్పవనీ తెలుసు. కాని నా సంగతి నాకు తెలుసు. ఉంచుకుంటే రోజూ దాన్ని అనుమానంగా చూస్తాను, సోదా చేస్తాను. సొంత ఒంటి మీద ఇన్‌స్పెక్టరుగా బతకడం నాకిష్టం లేదు. రేడియేషన్ కోసం నెల రోజులు ఉద్యోగం మాని మీ ఇంట్లో మీ ఆవిడ చేత సేవలు చేయించుకోవడం అంతకంటే ఇష్టం లేదు.

మిగతా రెండు వంతులేమిటని అడుగుతావు. అవి స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి బాగా ఏడ్చాయి. అవీ నావే. అందుకే ఒకటి రాయించలేదు.

అక్క

*

పెద్దాసుపత్రి
జూలై 21

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. మూడో రోజు కోపం ఎవరి మీదో అర్థమై ఊరుకున్నాను.

కొత్త ఏర్పాటు మొదటివారం ఫలితాలు విను. ఏడో గడి నింపకపోతే యంత్రం కదలదు. ముప్ఫై రెండు ఫారాలొచ్చాయి, అన్నిట్లో గడి నిండింది. ముప్ఫై ఒక్క ఫారాల్లో 0.5. ఒకే చేతిరాత. ఆరా తీస్తే, ఇక్కడ ఫారాలు తీసుకునే కౌంటరు గుమాస్తా. "ఖాళీగా ఉంటే మీ మిషన్ తీసుకోడంలేదుగా సార్, అందుకని సగం వేసేస్తున్నా. అంతకుముందు మీరూ అదే వేసేవారటగా" అన్నాడు. ఏమని తిట్టను? నేను యంత్రంలో పెట్టింది అతను పెన్నుతో పెట్టాడు. ముప్ఫై రెండోది నీది.

ఇప్పుడు వారానికి మూడు పూటలు నేనే వార్డుల్లో తిరుగుతున్నాను, అడగడం ఎలాగో నర్సులతో కూర్చుని నేర్చుకుంటున్నాను. కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి ఇదేం పనని అందరూ నవ్వుతున్నారు.

సంవత్సర నివేదికలో నీ పేరు, అదే నీ నంబరు వచ్చింది. "కేసు 41: యంత్రం సిఫారసు, రోగి నిర్ణయం ఒక్కటే. విజయం." సూపరింటెండెంటు గారు ఆ వాక్యం కింద గీత గీశారు. చూశావా, మొదట్నుంచీ మిషన్ కరెక్టే చెప్పింది, నువ్వే అనవసరంగా కంగారుపడ్డావు అన్నారు. నేను ఆ పేజీ మీద సంతకం పెట్టలేదు. ఆయన పెట్టుకున్నారు.

గురువారం ఆపరేషన్‌కి వస్తున్నాను. ఈసారి వద్దన్నా వస్తాను. కుర్చీలో కూర్చుని నీ మొహంలోకి చూస్తాను.

తమ్ముడు

*

మా ఊరి ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు
ఆగస్టు 3

చిన్నోడా,

నువ్వు వెళ్ళిన మూడో రోజున రిపోర్టు వచ్చింది. చంకలో గ్రంథులు శుభ్రంగా ఉన్నాయట. కీమో అక్కర్లేదన్నారు, మాత్రలు మాత్రం ఏళ్ళ తరబడి వేసుకోవాలి. కుట్ల దగ్గర నీరు పోవడానికి పెట్టిన గొట్టం తీసేశారు. మీ బావ రిపోర్టు సంగతి విని, కారిడార్‌లోకి వెళ్ళి, చాలాసేపటికి కళ్ళు ఉబ్బించుకుని వచ్చి, బయట దుమ్ముగా ఉందన్నారు. ఎడమ చెయ్యి భుజం దాకా లేస్తోంది. అద్దం ఇంకా చూసుకోలేదు. చూసినప్పుడు చూస్తాను.

ఇది రాస్తున్నది నా సంగతి చెప్పడానికి కాదు. నా పక్క మంచానికి సోమవారం ఒకామె వచ్చింది. హాస్టల్లో వంట చేస్తుందట. రోజుకి రెండువందలమందికి వండుతుంది, చేతులు చూస్తే తెలుస్తుంది. ఆమెదీ నాలాంటి కేసే. నిన్న నర్సమ్మ నీ ఫారం పట్టుకుని వచ్చింది. ఆరు గడులూ నిండి ఉన్నాయి. ఏడోది చూపించి, మంచం పక్కన నిలబడ్డ మొగుడిని అడిగింది, "ఏం రాయమంటారండీ?"

అతను చెడ్డవాడేం కాదు. "మాకేం తెలుస్తుందమ్మా, మీరే ఏదోటి రాసుకోండి" అన్నాడు.

నర్సమ్మ పెన్ను తీసింది. నాకు కుట్లు లాగుతున్నా లేచి కూర్చున్నాను. "ఆవిణ్ణి అడగండి" అన్నాను.

"నన్నేమని అడుగుతారు?" అంది ఆమె. నిజంగానే అర్థం కాలేదు ఆమెకి. రెండు దారులూ నాకొచ్చినట్టు చెప్పాను. ప్రాణానికి తేడా లేదని మూడుసార్లు చెప్పాను, నర్సమ్మ చేత కూడా చెప్పించాను. నేను తీయించుకున్నానని చెప్పాను. అది నా ఇష్టమనీ, ఆమె అలాగే చెయ్యనక్కర్లేదనీ చెప్పాను. ఆమె వింటూ దుప్పటి అంచు మడతలు పెట్టింది, విప్పింది, మళ్ళీ పెట్టింది. మొగుడు ఏదో అనబోతే, "ఉండు. నన్నడుగుతున్నారు" అంది.

తర్వాత, "ఉంచమని చెప్పండి. ఎందుకని మాత్రం అడక్కండి" అంది.

నర్సమ్మ గడి పక్కన "ఉంచడం" అని రాసి, "ఎంత ఇష్టమో అంకె వెయ్యాలమ్మా" అంది. "సున్నా నుంచి ఒకటి దాకా."

"ఎంతేమిటి? మొత్తం."

మొత్తమంటే ఒకటి. వెయ్యబోతే వీల్లేదురా. నీ ఫారంలో ఆ గడిలో "0." అని ముందే అచ్చేసి పెట్టావు! సున్నా, పక్కన చుక్క. మనిషికి ఏదైనా మొత్తం కావాలనిపించొచ్చని నీకు తోచినట్టు లేదు. నర్సమ్మ నా వైపు చూసి, "0.9 వెయ్యనా? దగ్గర్లోనే ఉంటుందిగా" అంది.

ఆమె మంచం మీంచి ముందుకు వంగి ఆ గడిని చూసింది. చదువు రాదు. కాని రెండువందలమందికి అన్నం కొలిచే మనిషికి తక్కువ వేస్తున్నారంటే తెలియదా? "తగ్గించొద్దు" అంది.

నర్సమ్మ సున్నా కొట్టేసింది. చుక్క కొట్టేసింది. గడిలో చోటు చాలక, బయట, పెద్దగా, 1 అని వేసింది.

ఆ కాగితం మంగళవారానికి నీ బల్ల మీదికొస్తుంది. తప్పులతడకగా ఉందని వెనక్కి పంపించకు.

అక్క